సవరణ: రోమాలు, లంబాడీలు, లె కొసెక్

పోయినవారం యూరప్‌లోని రోమా ప్రజల (జిప్సీలంటారే, వాళ్ళ) మధ్య జరిగిన క్రైస్తవ ప్రచారం గురించి రాస్తూ మూడు తప్పులు చేశాను.

మొదటిది, ఫ్రాన్స్‌లో ఈ ఉద్యమాన్ని నడిపిన పాస్టర్ క్లెమాన్ లె కొసెక్ రోమా జాతివాడని రాశాను. కాదు. ఆయన బ్రెటన్ (ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంవాడు), పెంటెకోస్టు పాస్టర్. 1950ల మొదట్లో ఆయన దగ్గర బాప్తిస్మం పుచ్చుకున్న రోమా కుటుంబాలతో ఇది ఊపందుకుంది. అయితే ప్రసంగాలు రోమాలే చెయ్యాలని ఆయన పట్టుబట్టాడు. చదువు రాని మగవాళ్ళకు కూడా బైబిలు నేర్పించి పాస్టర్లను చేశాడు. ఇది పైనుంచి దిగిన మిషన్‌లా కాకుండా కారవాన్ (వాళ్ళు తిరుగుతూ కాపురముండే బండి) నుంచి కారవాన్‌కు పాకడానికి అసలు కారణం అదే. ఫ్రాన్స్ నుంచి స్పెయిన్‌కు చేరాక అక్కడి వాళ్ళు ఫిలడెల్ఫియా పేరుతో సొంత చర్చే పెట్టుకున్నారు.

రెండోది, రోమాల గురించి "అంతకుముందు వాళ్ళకు క్రీస్తు తెలియదు" అన్న వాక్యం కూడా కొట్టేస్తున్నాను. చాలామంది తరాలుగా కేథలిక్కులు, ఆర్థడాక్సులు. ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ దేశాల్లో ముస్లింలూ ఉన్నారు. 1997లో పోప్ ధన్యుడిగా ప్రకటించిన సెఫెరీనో హిమేనెస్ మాల్యా స్పెయిన్ రోమానే.

మూడోది, "రోమాలంటే మన లంబాడీలే" అన్నాను. ఇది నేను చిన్నప్పటినుంచీ వింటున్న మాటే, సరిచూసుకోకుండా రాసేశాను. రోమానీ భాషలో నీళ్ళు పానీ, ముక్కు నాక్, అయిదు పంజ్. కాబట్టి మూలం భారతదేశమే, సందేహం లేదు. కానీ లంబాడీ రాజస్థానీకి దగ్గరి భాష. రోమానీ దాదాపు వెయ్యేళ్ళ కిందటే విడిపోయి వేరే దారి పట్టింది. దూరపు చుట్టరికాన్ని ఒకే ఇల్లు చేసేశాను.