కట్టించుకునేటప్పుడు క్షణం, తిరిగివ్వాలంటే యుగం

కుక్కనో పిల్లినో ఆపరేషన్‌కి చేర్చుకునేటప్పుడు చాలా పెట్ క్లినిక్‌లు "ఇంత నుంచి ఇంత" అని ఇచ్చే అంచనా బిల్లులో ఎక్కువ అంకె చూసి డిపాజిట్ కట్టించుకుంటాయి. సరే, మత్తు, ల్యాబ్ పరీక్షలు, మందులు... వాళ్ల ఖర్చులు వాళ్లకుంటాయి. ఆ టెన్షన్‌లో బేరాలెవరాడతారు? కార్డు గీకగానే డబ్బు పోతుంది.

అసలు బిల్లు తక్కువైతే మాత్రం కథ మొదలు. అకౌంట్స్ ఆవిడ సెలవు, మేనేజర్ సంతకం కావాలి, బ్యాంకు ఆలస్యం. బ్యాంకుకి కొన్ని పనిదినాలు పడుతుంది, నిజమే. వీళ్లు పంపితే కదా! ఇంకొందరైతే "మీ పేరున జమ ఉంచాం, వచ్చేసారి వాడుకోండి" అంటారు. కుక్క చనిపోయినవాళ్లకీ అదే మాట! వచ్చేసారి ఏంటండీ? మిగిలింది ఎన్నాళ్లలో తిరిగిస్తారో డిపాజిట్ రసీదు మీదే రాస్తే వీళ్ల సొమ్మేం పోతుంది?