గొంతు నొక్కే యంత్రం

మా ఆవిడ బాగా పాడుతుంది. ఈ మాట మొట్టమొదటే రాసిపెట్టుకోవడం నాకు మంచిది.

చిక్కల్లా ఒక్కటే. పల్లవి ఎత్తుకున్నప్పుడు చెవిలో రహస్యం చెబుతున్నట్లుండే గొంతు, చరణంలో పైస్థాయికి చేరేసరికి ఏటి అవతలి గట్టున ఉన్నవాణ్ణి పిలుస్తున్నట్లు అవుతుంది. ఎదురుగా కూర్చుని వింటే అదే అందం. రికార్డింగులో అదే ప్రాణసంకటం. పల్లవికి తగినట్లు శబ్దం పెంచితే పైస్థాయిలో గొంతు బరబరా చిరిగిపోతుంది. పైస్థాయికి తగినట్లు తగ్గిస్తే పల్లవి చీమ నడిచినంత చప్పుడు కూడా చేయదు. రెంటికీ మధ్య తేడా తేలిగ్గా 20 డెసిబెల్స్ ఉంటుంది. వోల్టేజీ లెక్కలో 10 రెట్లు.

చాలాకాలం ఆ తేడాను నా కుడిచేత్తోనే సర్దాను. ఆమె గట్టిగా ఊపిరి తీసుకోగానే మీట తగ్గించాలి, గొంతు దిగగానే పెంచాలి. చెవిన పడిన సంగతి చేతికి చేరేలోపే స్వరం వెళ్లిపోయేది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, నేను మీట తగ్గించేసరికి ఆమె మళ్లీ మంద్రంలో ఉండేది. అంటే గట్టిగా ఉన్నచోట ఇంకా గట్టిగా, మెల్లగా ఉన్నచోట మరీ మెల్లగా. ఉన్న జబ్బును రెట్టింపు చేసిన వైద్యుణ్ణి నేను.

ఈ పనికి కంప్రెసర్ అనే పెట్టె ఉంది. ఒక హద్దు పెడతాం. గొంతు ఆ హద్దు దాటితే పెట్టె నొక్కిపట్టడం మొదలుపెడుతుంది. 4కు 1 అని నిష్పత్తి పెట్టామనుకోండి, హద్దు మీద 8 డెసిబెల్స్ ఎగిరిన గొంతు రెండే ఎగిరినట్లు బయటికి వస్తుంది. నేనే ఒకటి తయారుచేస్తానని ఇంట్లో ప్రకటించాను.

"కంప్రెసర్ పోయిందా? ఫ్రిజ్ చల్లగానే ఉందే!" అన్నారు నాన్న.

మా బావమరిది ఇంకో అడుగు ముందుకేశాడు. "బావా, ఆ పని చేసేది నీ కంప్యూటర్లోనే ఉంది. ఒక్క నొక్కు చాలు." లోపలికి వెళ్లేటప్పుడే చిరిగిన గొంతును కంప్యూటర్ ఏం బాగుచేస్తుంది, చిరిగిన బట్టకు ఇస్త్రీ చేసినట్లు కాదా, అని వాదించాను. వాదనలో బలం ఉంది. కానీ అసలు కారణం అది కాదు. ఒక్క నొక్కుతో అయిపోయే పనిలో మనిషికి గౌరవం ఎక్కడిది?

నా మనసు దోచింది టెలిట్రానిక్స్ ఎల్ఏ-2ఏ అనే పాత కంప్రెసర్. 1960ల్లో జిమ్ లారెన్స్ రూపొందించాడు. దాని లోపల ఒక వెలుగు పలక, పక్కనే వెలుగు పడితే నిరోధం తగ్గే ఒక బిళ్ల ఉంటాయి. గొంతు పెరిగితే పలక వెలుగుతుంది, బిళ్ల గొంతును కిందికి జార్చేస్తుంది. వదలడంలోనే ఉంది దాని సొగసు. సగం పట్టును 0.06 సెకనులో వదిలేస్తుంది, మిగతా సగాన్ని కొన్ని సెకన్ల పాటు నింపాదిగా వదులుతుంది, అత్తవారింటికి వెళుతున్న కూతురి చెయ్యి వదిలినట్లు. గాయకులకు అది నచ్చడంలో వింతేముంది?

పలకకు బదులు చిన్న ఎల్ఈడీ దీపం తీసుకున్నాను. దానికి ఎదురుగా ఎల్డీఆర్, అంటే వెలుగు పడితే నిరోధం తగ్గే బిళ్ల. చిటికెన వేలి గోరంత ఉంటుంది, ముఖం మీద పాము మెలికలు తిరిగినట్లు ఒక గీత. చీకట్లో దాని నిరోధం మెగాఓముల్లో ఉంటుంది, మంచి వెలుగులో వెయ్యి ఓముల దగ్గరికి పడిపోతుంది. గొంతు వచ్చే దారిలో 68 కిలోఓముల రెసిస్టర్ పెట్టి, దాని తరవాత ఈ ఎల్డీఆర్‌ను గ్రౌండుకు, అంటే సున్నా వోల్టేజీ తీగకు, కలిపాను. గొంతులోంచే ఒక పాయ తీసి, ఆప్-ఆంప్ అనే చిప్పుతో పెంచి, దీపానికి ఇచ్చాను. గొంతు హెచ్చితే దీపం వెలుగుతుంది, ఎల్డీఆర్ తలుపు తీస్తుంది, హెచ్చినదంతా గ్రౌండులోకి పోతుంది. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో!

కాగితం మీదినుంచి బోర్డు మీదికి రావడానికి తొమ్మిది రాత్రులు పట్టింది. రెసిస్టర్ ఒంటిమీది చారలు చూసి విలువ చదవాలి. గోధుమ, నలుపు, ఎరుపు అయితే వెయ్యి ఓములు. గోధుమ, నలుపు, నారింజ అయితే పదివేలు. రాత్రి పదకొండింటికి నలభై దాటిన కంటికి ఎరుపూ నారింజా కవలపిల్లలే. టంకం సంగతి సరేసరి. బాగా అతికితే తళతళలాడుతుంది, అతకకపోతే బూడిదరంగులో ముద్దకట్టి, అతికినట్లే నటిస్తుంది. నా బోర్డు నిండా నటులే.

పదో రాత్రి పెట్టె పలికింది. గదిలో దీపం ఆర్పేసి మైకులో "ఆ" అన్నాను. లోపల ఎర్రటి చుక్క మిణుక్కుమంది. "ఆఆ!" అని గట్టిగా అరిచాను. చుక్క భగ్గుమంది, హెడ్‌ఫోన్లలో నా అరుపు పిల్లిలా అణిగిపోయింది. ఎంత అరిస్తే అంత వినయం! ఆ ఎర్రచుక్క కొట్టుకోవడం ఎంత అందంగా ఉందంటే, పెట్టెకు మూత పెట్టబుద్ధి కాలేదు. కన్నబిడ్డ ముఖం మీద దుప్పటి ఎవరు కప్పుతారు?

మర్నాడు ఉదయం రికార్డింగు. కిటికీ పక్క బల్ల మీద పెట్టె, ఎదురుగా మా ఆవిడ, వెనక కుర్చీలో నాన్న. ఆమె ఎత్తుకుంది. హెడ్‌ఫోన్లలో ఏమీ లేదు. పైస్థాయికి వెళ్లింది. ఎక్కడో నూతిలోంచి ఎవరో పిలుస్తున్నట్లు కొద్దిగా వినిపించింది.

"కాస్త గొంతు విప్పి పాడు," అన్నాను.

"ఇంతకన్నా విప్పితే గొంతు బయటికొచ్చి పడుతుందండీ," అంది.

మైకు మార్చాను. తీగ మార్చాను. అనుమానం ఉన్న టంకాలన్నీ మళ్లీ వేశాను. అనుమానం లేనివి ఎటూ లేవు. ఇంతలో సాహిత్యం రాసుకున్న కాగితం చూడటానికి ఆమె బల్ల మీదికి వంగింది. ఒక్కసారిగా గొంతు ఖంగున మోగింది. నిటారుగా నిలబడగానే మాయం. మళ్లీ వంగమన్నాను. వచ్చింది! వంగినప్పుడు ఊపిరి నాభినుంచి వస్తుందనీ, పెద్ద విద్వాంసులకు కూడా తెలియని రహస్యం నాకు దొరికిందనీ ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అదంతా నమ్మి ఆమె పావుగంట సేపు నడుం వంచి పాడింది. ఈ పావుగంటను ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తుచేస్తూ ఉంటుంది.

రహస్యాన్ని బట్టబయలు చేసింది నాన్న. విసుగొచ్చి, కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుని వార్తాపత్రిక విప్పారు. మా ఆవిడ నిటారుగానే ఉంది, గొంతు బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన పేజీ తిప్పారు, గొంతు పోయింది. కొత్త పేజీ నిలబెట్టారు, వచ్చింది. నేను పెట్టెనూ పత్రికనూ మార్చి మార్చి చూశాను. పత్రిక నీడ సరిగ్గా మూతలేని నా పెట్టెలో పడుతోంది. ఎల్డీఆర్‌కు నా ఎర్రదీపం వెలుగేమిటి, సూర్యుడి వెలుగేమిటి? పట్టపగలు వెలుగు పడుతుంటే పాపం అది గొంతులో అరవై తొమ్మిదో వంతు ఉంచి మిగతాదంతా గ్రౌండుకు సమర్పిస్తోంది. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద గాయకుడు సూర్యుడేనని దాని లెక్క.

దీపాన్నీ ఎల్డీఆర్‌నూ నల్లటి గొట్టంలో ఎదురెదురుగా దూర్చి, చివరలు మూసేశాను. పెట్టెకు మూత కూడా పెట్టాను. ఎర్రచుక్క ఇక నాకు కనబడదు. ఆ దిగులు ఇంకా ఉంది.

రాత్రి మళ్లీ కూర్చున్నాం. నొక్కిన గొంతు మొత్తంగా చిన్నదైపోతుంది కాబట్టి చివర్లో 12 డెసిబెల్స్ పెంచాను, అంటే నాలుగు రెట్లు. ఈసారి పల్లవీ చరణమూ భుజం భుజం కలిపి నడిచాయి. ఒక్కచోట చిరగలేదు, ఒక్కచోట మునగలేదు. పాట అయ్యాక హెడ్‌ఫోన్లు ఆమెకిచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

కళ్లు మూసుకుని వింది. పల్లవికి తల ఊపింది. మొదటి చరణం అయ్యాక ఆమె ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన చోటొకటి ఉంది, నాలుగైదు సెకన్లు. పాట ఆగితే లోపలి దీపం ఆరిపోతుంది, నొక్కిపట్టేవాడు ఉండడు, పెంచిన నాలుగు రెట్లు మాత్రం అలాగే ఉంటాయి. ఈ సంగతి నాకు అప్పుడు గుర్తుకు రాలేదు. ఆమె కళ్లు తెరిచి, హెడ్‌ఫోన్లు తీసి, స్పీకరుకు కలిపి మళ్లీ పెట్టింది.

గోడగడియారం సుత్తితో కొడుతున్నట్లు టిక్కుమంది. నాన్న గొంతు, "ఇంకా ఎన్ని చరణాలురా?" అంది. ఆ వెంటనే నా గుసగుస, పాటతో సరిసమానమైన స్థాయిలో, అక్షరం పొల్లుపోకుండా: "గాంధారం కాస్త కిందికి జారుతోంది కదూ?" ఆపైన బావమరిది: "ష్, బావా! అక్క వింటుంది."

"పెట్టె చక్కగా పనిచేస్తోందండీ," అంది మా ఆవిడ, హెడ్‌ఫోన్ల తీగ మెల్లగా చుడుతూ. "ఆ గాంధారం దగ్గర్నుంచి ఇంకొక్కసారి వినిపించండి."