కొత్తిమీర ఇప్పుడొక ఫీచర్

ఈ మధ్య కొత్తగా ఎవరూ ఏమీ కనిపెట్టడం లేదని వాపోయేవాళ్లు ఎక్కువైపోయారు. కంపెనీలకి ఇంతకన్నా అన్యాయం ఇంకోటి ఉండదు. గత పదేళ్లలో మహామహా మేధావులు మన కోసం నిద్రలు మానుకుని ఒక గొప్ప విద్య కనిపెట్టారు, మనమే గుర్తించలేదు. ఆ విద్య పేరు తీసేయడం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ ఉన్నదాన్ని తీసేసి, తీసేసినందుకు కొన్నవాడి చేతే చప్పట్లు కొట్టించుకుని, తీసేసినదాన్ని పక్క కౌంటర్లో ఇంకో రేటుకి అమ్మాలంటే ఎంత బుర్ర కావాలో ఆలోచించండి.

దీనికి శంకుస్థాపన 2016 సెప్టెంబరులో జరిగిందని నా నమ్మకం. ఐఫోన్ 7 విడుదల చేస్తూ యాపిల్ వాళ్లు ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టుకునే బొక్క పీకేశారు. ఎందుకయ్యా అంటే, ఆ కంపెనీ మార్కెటింగ్ పెద్ద ఫిల్ షిల్లర్ వేదికెక్కి కారణం ఒక్క మాటలో తేల్చేశాడు: ధైర్యం. నిజంగా ఆ మాటే అన్నాడు. మన దగ్గర పాములు పట్టేవాడికి వాడతాం ఆ మాట, సాయంత్రం ఆరింటికి కూకట్‌పల్లిలో రోడ్డు దాటేవాడికి వాడతాం. బొక్క పూడ్చినవాడికి కూడా వర్తిస్తుందని అప్పుడే తెలిసింది. అదే రోజు అదే వేదిక మీద వైరు అక్కర్లేని ఎయిర్‌పాడ్స్‌ని 159 డాలర్లకి పరిచయం చేశారు. రెండూ ఒకే రోజు పడటం కాకతాళీయం అనుకోవాలి, సంస్కారం అంటే అదే.

నాలుగేళ్లు తిరిగేసరికి ఆ ధైర్యం పర్యావరణ ప్రేమగా మారింది. 2020 అక్టోబరులో ఐఫోన్ 12 డబ్బాలోంచి ఛార్జర్ మాయమైంది, భూమాతని కాపాడటానికట. అప్పుడు శాంసంగ్ వాళ్లు మా డబ్బాలో ఛార్జర్ ఉంటుందోచ్ అని ఫేస్‌బుక్‌లో వెక్కిరించారు. మూడు నెలలు తిరిగాయో లేదో, 2021 జనవరిలో వాళ్ల ఎస్21 డబ్బాలోనూ ఛార్జర్ లేదు, ఆ వెక్కిరింపు పోస్టూ లేదు. తీసేయడంలో ఎంత క్రమశిక్షణో చూడండి, పోస్టుని కూడా తీసేశారు. ఒక్క బ్రెజిల్ ప్రభుత్వానికే ఈ సూక్ష్మం అర్థం కాలేదు. 2022 సెప్టెంబరులో కోటీ ఇరవై లక్షల రియాళ్లకి పైగా జరిమానా వేసి, ఛార్జర్ లేకుండా ఐఫోన్లు అమ్మడానికి వీల్లేదని ఆదేశాలిచ్చింది. పాపం, వెనకబడిన ఆలోచన.

ఇదంతా డబ్బున్నోళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ తీసుకోండి. ఆ ఐదు రూపాయలు మారవు, మారితే పిల్లాడి చేతిలో బిళ్ల సరిపోదు, షాపాయన దగ్గర చిల్లర ఉండదు. రేటుని ముట్టుకోకూడదు కాబట్టి గ్రాముల మీద పడ్డారు. ప్యాకెట్ పొడవు అంతే ఉంటుంది, బొమ్మ అంతే ఉంటుంది, విప్పితే చివర్లో కాస్త ఖాళీ వినబడుతుంది. సబ్బుకి మధ్యలో నడుము వచ్చింది, పట్టుకోవడానికి వీలుగా అట. క్రీము డబ్బా అడుగు కిందనుంచి బొటనవేలితో నొక్కినట్టు లోపలికి పోయింది. పూర్వం మన చట్టంలో బిస్కెట్లు, టీ పొడి లాంటి వాటిని ఫలానా ఫలానా బరువుల్లోనే ప్యాక్ చేయాలని ఒక జాబితా ఉండేది. 2021 నవంబరులో తెచ్చిన సవరణతో ఆ జాబితా పోయింది, దానికి బదులు గ్రాముకి ఎంత పడుతుందో ముద్రించమన్నారు. ముద్రిస్తున్నారు కూడా. ప్యాకెట్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగు పడేలా వంచి, కళ్లజోడు నుదుటి మీదకి ఎత్తి చూస్తే కనబడుతుంది.

అయితే ఈ మొత్తం ఉద్యమంలో నన్ను పాదాభివందనం చేయించిన ఘట్టం మాత్రం కొత్తిమీరది.

కొంచెం నేపథ్యం. రైతుబజారులో కూరగాయలు అమ్మే ఆమెని ఎప్పుడైనా గమనించారా? వంకాయలు తూచి, కాటా సరిసమానంగా నిలబడ్డాక, ఇంకో వంకాయ తీసి పైన పడేస్తుంది. మనం సంచి నోరు తెరిచి పట్టుకుని కదలకుండా నిలబడతాం, అది సంప్రదాయం. ఆమె విసుక్కుంటున్నట్టు మొహం పెట్టి, ఎడమ చేత్తో నాలుగు కరివేపాకు రెబ్బలు, నలిగిపోయిన ఒక చిన్న కొత్తిమీర కట్ట సంచిలోకి విసురుతుంది. 'పచ్చిమిరపకాయలు కూడా రెండు వెయ్యమ్మా' అంటే 'నాకేం మిగిలిద్దమ్మా' అంటూనే గుప్పెడు వేస్తుంది. ఈ వ్యవహారానికి యాప్ లేదు, కూపన్ కోడ్ లేదు, కనీసం పేరు పెట్టి ఒక ప్రెస్ మీట్ కూడా లేదు. ఎంత గుడ్డిగా వ్యాపారం చేశారో తరతరాలుగా.

సరే, పది నిమిషాల డెలివరీ యాప్‌లు వచ్చాయి. తీసేయడం సూత్రం ప్రకారం కొసరు పోయింది, కొత్తిమీరకి విడిగా రేటు పడింది. 2024 మేలో ముంబయిలో ఒకాయన ఎక్స్‌లో రాశాడు: బ్లింకిట్‌లో కొత్తిమీరకి డబ్బులు కట్టాలని తెలిసి మా అమ్మకి చిన్నపాటి గుండెపోటు వచ్చినంత పనైంది, ఇన్ని కూరగాయలు కొంటే ఇది ఉచితంగా ఇవ్వొచ్చు కదా అని ఆవిడ సలహా. కంపెనీ అధిపతి అల్బిందర్ ధిండ్సా సరేనన్నాడు, చూస్తుండగానే అమల్లో పెట్టేశారు, అందరూ ఆ తల్లికి కృతజ్ఞతలు చెప్పండన్నాడు. అక్కడితో ఆగితే మామూలు కథ. రాబోయే రెండు వారాల్లో ఈ ఫీచర్‌కి మెరుగులు దిద్దుతామని కూడా ప్రకటించాడు.

ఫీచర్! కొత్తిమీర కట్ట సంచిలో వెయ్యడం ఒక ఫీచర్. దానికి రెండు వారాల మెరుగులు. దేశమంతా వార్త అయింది, జనం ఉబ్బితబ్బిబ్బయ్యారు. మన రైతుబజారు ఆమె ఎడమ చేత్తో, చిల్లర లెక్కపెడుతూ, వెనకాల పిల్లాణ్ణి తిడుతూ చేసే పనికి ఇంజనీర్ల బృందం కావాల్సి వచ్చిందంటే, ఆమె ఇన్నాళ్లూ ఎంత సంక్లిష్టమైన టెక్నాలజీని అడ్డదిడ్డంగా వాడేసిందో కదా. మనిషి మొహం చూసి రోజూ వచ్చేవాడా, బేరమాడి వెళ్లిపోయేవాడా అని క్షణంలో తేల్చేస్తుంది. దాన్నే కోట్లు పెట్టి తయారుచేయిస్తున్నారు ఇప్పుడు.

ఇందులో అసలు మలుపు ఇంకోటుంది. కొసరు పూర్తిగా పోలేదండీ, దిక్కు మార్చుకుంది. అప్పట్లో అమ్మేవాడు మనకిచ్చేవాడు, ఇప్పుడు మనం వాడికిస్తున్నాం. 2023 ఏప్రిల్‌లో స్విగ్గీ వాళ్లు ఆర్డరుకి రెండు రూపాయల ప్లాట్‌ఫామ్ ఫీజు మొదలుపెట్టినప్పుడు ముందుగా ఏ ఊళ్లని ఎంచుకున్నారో తెలుసా? బెంగళూరు, హైదరాబాద్. బిర్యానీకి, ముత్యాలకి పేరున్న నగరానికి ఇంకో గౌరవం. ఆగస్టుకల్లా జొమాటో కూడా అదే రెండు రూపాయలతో అదే దారి పట్టింది. రెండు రూపాయలే కదా, పోనీలే అన్నాం. మనం పోనీలే అన్న ప్రతిసారీ ఒక రూపాయి పెరిగి, ఇప్పుడది రెండంకెల్లోకి ఎక్కి కూర్చుంది. ఇక ఒక మామూలు బిల్లు కిందికంటా జరపండి: వస్తువు ధర, డెలివరీ ఛార్జీ, హ్యాండ్లింగ్ ఛార్జీ, తక్కువ కొన్నందుకు ఒక ఛార్జీ, వర్షం పడుతున్నందుకు ఒక ఛార్జీ. వాన పడితే డబ్బు అడిగే హక్కు ఇన్నాళ్లూ వరుణయాగం చేయించే పురోహితుడికే ఉండేది. అన్నిటికంటే కింద ఆకుపచ్చ అక్షరాల్లో 'మీరు 43 రూపాయలు ఆదా చేశారు' అని ఉంటుంది. ఎవరి దగ్గర నుంచి ఆదా చేశామో ఉండదు.

కార్ల వాళ్లు మనకంటే కాస్త ముందున్నారు. 2022లో బీఎమ్‌డబ్ల్యూ కొన్ని దేశాల్లో సీటు వెచ్చబెట్టే సౌకర్యాన్ని నెలవారీ చందా మీద పెట్టింది, దక్షిణ కొరియాలో నెలకి సుమారు 18 డాలర్లు. సీట్లో హీటర్ ముందే ఉంది, దాని డబ్బులు కారుతో పాటే కట్టేశారు, చందా కట్టకపోతే అది పనిచేయకుండా పడుంటుంది, అంతే. జనం గోల పెట్టారు, 2023లో కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ కొరియా వాళ్లు ఒక్కసారి విజయవాడ వచ్చి, మే నెల మధ్యాహ్నం ఎండలో బండి ఆపి, రెండింటికి వచ్చి సీటు మీద కూర్చోవాలని నా విన్నపం. ఏ చందా అక్కర్లేదు, జీవితకాలం ఉచితం. కార్లలో బటన్లు పీకేసి అన్నీ టచ్‌స్క్రీన్‌లో కుక్కిన కథ కూడా ఇలాంటిదే. యూరప్‌లో కార్ల భద్రతకి మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2026 నుంచి హారన్, ఇండికేటర్, వైపర్ లాంటి వాటికి చేతికి తగిలే మీటలు లేకపోతే ఐదు నక్షత్రాలు కష్టమన్నారు. త్వరలో 'నొక్కితే నొక్కుకునే బటన్' అని ప్రకటన వస్తుంది, చూస్తూ ఉండండి.

మంచం సంగతి చెప్పకపోతే పాపం. 2025 అక్టోబరు 20న వర్జీనియాలో అమెజాన్ సర్వర్లు మొరాయించినప్పుడు, అమెరికాలో ఎయిట్ స్లీప్ అనే కంపెనీ స్మార్ట్ పరుపులు కొన్నవాళ్లలో కొందరికి వేడి తగ్గలేదు, కొందరికి ఎత్తిన తల భాగం దిగలేదు. పరుపు రెండు వేల డాలర్ల పైమాటే. పడుకోవడానికి ఇంటర్నెట్ కావాలన్నమాట. మన నవారు మంచం మధ్యలో కుంగిపోతుంది నిజమే, కానీ వర్జీనియాలో కంప్యూటర్ ఆగిపోయిందని కుంగదు.

మన ప్రభుత్వం కూడా ఈ కళని గుర్తించింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు కొనేవాణ్ణి బురిడీ కొట్టించే ఎత్తుల మీద, మార్గదర్శకాలు తెచ్చి, మొత్తం 13 రకాలని పేర్లతో సహా నిషేధించింది. నిషేధమని వాళ్లంటున్నారు గానీ, నాకైతే సిలబస్‌లా ఉంది. 'ఇంక రెండే ఉన్నాయి, త్వరపడండి' అని ఉత్తుత్తి హడావుడి పెట్టడం ఒకటి. అడక్కుండా మన బుట్టలోకి ఏదో ఒకటి జార్చెయ్యడం ఇంకోటి, దాన్ని బాస్కెట్ స్నీకింగ్ అంటారు. చేరడం ఒక్క నొక్కుతో, బయటపడటం మాత్రం అభిమన్యుడి వల్ల కూడా కాకుండా చేయడం మరోటి. నాకు బాగా నచ్చింది కన్ఫర్మ్ షేమింగ్. టికెట్‌తో పాటు బీమా వద్దంటే 'నాకు రక్షణ అక్కర్లేదు' అని మన చేతే ఒప్పించే బటన్ పెట్టడం. ఇది సిలికాన్ వ్యాలీ కనిపెట్టిందంటే నేనొప్పుకోను. రెండోసారి పులిహోర వద్దన్నానని 'అవున్లే నాయనా, మా ఇంటి తిండి మీకెందుకు నచ్చుద్ది' అన్న మా పెద్దత్తయ్యకి ఈ కంపెనీలన్నీ రాయల్టీ బాకీ.

ఇంత చదివాక నా జ్ఞానం నలుగురికీ ఉపయోగపడాలని, మా వీధి చివర టిఫిన్ బండి బాబాయ్‌కి ఒక ప్రతిపాదన పెట్టాను. ఇడ్లీ బేసిక్ ప్లాన్. పల్లీ చట్నీ నెలవారీ చందా. అల్లం చట్నీ ప్రో వాళ్లకే. కారప్పొడి మీద నెయ్యి విడిగా యాడ్-ఆన్. సాంబారుకి వాన రోజు అదనం. పర్యావరణం దృష్ట్యా ప్లేటు తీసేద్దాం, ఎవరి ప్లేటు వాళ్లే తెచ్చుకుంటారు. ఇడ్లీ గుంట కొంచెం లోతు తగ్గిద్దాం.

ఆయన పెనం మీద నీళ్లు చల్లి, చీపురుతో ఊడ్చి, అప్పుడు నా వైపు చూశాడు.

'మరి వడ ఏం చేద్దాం సార్?'

'వడకి ఏం చెయ్యక్కర్లేదు బాబాయ్, మీరు అప్పుడే మధ్యలో పిండి కొట్టేశారు కదా. మీరు ఈ కంపెనీలన్నిటికంటే ముందున్నారు.'

'ఆ బొక్క లోపల పచ్చి లేకుండా వేగడానికి సార్. అది లేకపోతే తినలేరు.'

చూశారా, బొక్క పెట్టి కూడా దాన్ని ధైర్యం అని చెప్పుకోవడం రాదు ఈ మనిషికి. చట్నీకి డబ్బులడిగితే అందరూ ఎదురు బండికి పోతారు అన్నాడు. చందాదారులు ఎక్కడికీ పోలేరు బాబాయ్, రద్దు చేసుకునే బటన్ ఎక్కడుందో మనం చెప్పం కదా అని నేను వివరిస్తుండగానే, నా మాట వినకుండా, నేను అడగకుండా, నా అనుమతి అస్సలు లేకుండా ఇంకో గరిటె చట్నీ నా ప్లేట్లో వేసేశాడు. ఇది నూటికి నూరుపాళ్లు బాస్కెట్ స్నీకింగ్ కిందకే వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, చట్నీ అయిపోగానే ఫోన్ చేస్తాను.