చిన్నుల్లికి టొమాటో ముహూర్తమా?

చలి కాస్త తగ్గగానే పెరటి తోటలున్న మనవాళ్లందరి నోటా ఒకటే మాట: "లాస్ట్ ఫ్రాస్ట్ ఎప్పుడండీ?" అంటే, మొక్కల మీద మంచు పేరుకుని గడ్డకట్టే చలి (ఫ్రాస్ట్) ఆ చలికాలానికి ఆఖరిసారి పడేది ఎప్పుడని. ఎవరో ఒక తేదీ చెబుతారు. ఇక టొమాటో, వంగ, చిన్నుల్లి అన్నీ ఆ రోజు దాటాకే నేలలోకి దిగుతాయి. టొమాటోకి అది సరే. చిన్నుల్లికి, అంటే వెల్లుల్లి కాదు, షాలట్స్ అనే చిన్న ఉల్లిపాయలకి, అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఉల్లి జాతి పగటి పొడవును బట్టి గడ్డ కడుతుంది. పగలు తగినంత పెరిగితే చాలు, కొత్త ఆకులు మానేసి గడ్డ ఊరడం మొదలుపెడుతుంది. మనం ఆలస్యంగా నాటామని మన కోసం ఆగదు. ఆలోపు ఎన్ని ఆకులు వేస్తే గడ్డ అంత లావు. ఫ్రాస్ట్ భయంతో నెల రోజులు ఆగితే ఆ నెల ఆకులు పోయినట్టే. నిజానికి తేలికపాటి ఫ్రాస్ట్‌కి ఆకుల కొసలు పసుపుబారతాయేమో గానీ మొక్క చావదు. అందుకే ఆ తేదీకి 2 నుంచి 4 వారాల ముందే పాయలు నాటేయాలంటాను. మట్టి పిడికిట్లో పిసికితే బంకముద్ద అవుతోందా, అయితే ఆగండి. చిన్నుల్లిని కుళ్లబెట్టేది చలి కంటే బురదే.

మరీ తొందర కూడా పనికిరాదు. మొలిచిన మొక్క 10 డిగ్రీల సెల్సియస్ లోపు చలిలో వారాల తరబడి ఉంటే మధ్యలోంచి పూలకాడ లేస్తుంది, గడ్డ నాసిగా మిగులుతుంది. పెద్ద పాయలకే ఈ బెడద ఎక్కువ. ఒక ఏడాది ఆశకొద్దీ లావువే ఏరి నాటి, పూలు చూసుకుని మురిశాను!

అసలు ఆ తేదీ మీద అంత నమ్మకం దేనికి? అది సాధారణంగా 30 ఏళ్ల రికార్డుల మీద లెక్కగట్టినది. 50 శాతం తేదీ అని ఉంటే, సగం ఏళ్లలో ఆ తర్వాత కూడా ఫ్రాస్ట్ పడిందని అర్థం. పైగా ఆ లెక్క వాతావరణ కేంద్రం దగ్గరిది. చల్లగాలి బరువు, పల్లానికి జారి నిలుస్తుంది. మా పెరట్లోనే కంచె పక్క మడి తెల్లబడిన రోజున మెట్ల పక్క మడి పచ్చగా ఉంటుంది.

శీతకాలానికి ముందు నాటేవాళ్లు చూడాల్సింది మొదటి ఫ్రాస్ట్ కాదు, నేల గడ్డకట్టే రోజు. దానికి 4 నుంచి 6 వారాల ముందు నాటితే వేళ్లు పట్టుకుంటాయి. నేల గట్టిపడ్డాక ఎండుగడ్డి కప్పాలి, లేకపోతే గడ్డకట్టడం, కరగడం మధ్య మట్టి ఉబ్బి పాయల్ని పైకి నెట్టేస్తుంది. అలా తేలినవాటిని పీకొద్దు, వేళ్లు తెగుతాయి. చుట్టూ కాస్త మట్టి ఎగదోస్తే సరిపోతుంది.