మతిమరుపుకి పసుపు మాత్రలా? ముందు లెక్క వేయండి

"మొక్కలదే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అంటూ డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లకి ఆన్‌లైన్లో కనిపించిన ప్రతి సీసా తెప్పించి మింగిస్తున్నారు. మొక్కల్లో మందు లేదని కాదు నా గొడవ. ఉంది కాబట్టే భయం.

డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. దానికి వాడే గాలంటమైన్ అనే మందు స్నోడ్రాప్ అనే తెల్లపూల మొక్కలో ఉంటుంది. 1950ల్లో బల్గేరియాలో దిమితర్ పస్కోవ్ దాన్ని నరాల జబ్బులకి మందుగా తయారుచేశాడు. అమెరికాలో అల్జీమర్స్‌కి అనుమతి వచ్చింది 2001లో. అదే జబ్బుకి చర్మం మీద అంటించే రివాస్టిగ్మిన్ ప్యాచ్‌కి మూలం ఆఫ్రికా కాలబార్ గింజలోని ఫైసోస్టిగ్మిన్. నేరం చేశాడో లేదో తేల్చడానికి ఆ గింజ నానబెట్టిన నీళ్లు తాగించేవాళ్లట అక్కడ. అంత విషం! గాలంటమైన్, రివాస్టిగ్మిన్ రెండూ మెదడులో జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపుతాయి. లక్షణాలు కొంత తగ్గుతాయి, జబ్బు ఆగదు.

వీటిని వాడే పద్ధతి చూడండి. మామూలు గాలంటమైన్ మాత్ర మొదట 4 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, తిండితో. కనీసం నాలుగు వారాలు గడిచాకే పూటకి 8. తొందరపడి పెంచితే వాంతులు, బరువు తగ్గడం, పల్స్ పడిపోయి కళ్లు తిరగడం. పండక్కి ఊరెళ్లి మూడు రోజులకి మించి మానేశారా, పాత డోసు కాదు, డాక్టర్ని అడిగి మళ్లీ 4 దగ్గర నుంచే మొదలు.

ఇప్పుడు పసుపు. టీస్పూను పసుపు సుమారు 3 గ్రాములు, అందులో మందుగా చెప్పుకునే పదార్థం కర్క్యుమిన్ మూడు శాతం అనుకుంటే 90 మి.గ్రా. అల్జీమర్స్ రోగులకి కర్క్యుమిన్ రోజుకి 2 గ్రాములు, 4 గ్రాములు చొప్పున 24 వారాలు ఇచ్చి చూశారు. 2 గ్రాములంటేనే ఇరవై రెండు టీస్పూన్లు! అయినా ప్రయోజనం కనబడలేదు, రక్తంలోకి చేరిందే అతి కొద్ది. అందుకని మిరియాల పైపరిన్ కలిపి అమ్ముతున్నారు. అది కర్క్యుమిన్‌తో పాటు, రోజూ వేసుకునే వేరే మందుల మోతాదునీ రక్తంలో పెంచగలదు. అలాంటి మాత్రలతో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. కూరలో వేసే పసుపు జోలికి నేను పోవట్లేదు, హాయిగా తినండి.

గింకో అనే చెట్టు ఆకుల సారం సంగతి 2008లోనే తేలింది. 3,069 మంది వృద్ధులతో, రోజుకి 240 మి.గ్రా. ఇచ్చి చేసిన పరీక్షలో డిమెన్షియా రావడం తగ్గలేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకైతే రక్తస్రావం భయం అదనం. బ్రాహ్మీ అని సరస్వతి ఆకునీ అమ్ముతారు, నీటి ఒడ్డున పెరిగే బకోపానీ అమ్ముతారు. రెండూ వేరే మొక్కలు. లేబుల్ మీద శాస్త్రీయ నామం లేకపోతే ఏది మింగుతున్నారో మీకే తెలీదు.

అన్నిటికన్నా చిరాకు, మొక్క నుంచే తీసే హ్యూపర్‌జైన్ ఎ. "జ్ఞాపకశక్తి సప్లిమెంట్" అంటారు గానీ అదీ అసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఆ ఎంజైమ్‌నే ఆపుతుంది. ఇప్పటికే అదే పనిచేసే అల్జీమర్స్ మందు డోనెపెజిల్ వేసుకుంటున్న మనిషికి అది కూడా ఇస్తే ఒకే రకం మందు రెండింతలైనట్టే.

సీసా కొనేముందు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి, మతిమరుపు వాటి తేడావల్లా రావచ్చు. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసి డాక్టర్ ముందు పెట్టండి. జలుబు మాత్రలోని క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆపుకోలేనివాళ్లకి రాసే ఆక్సిబ్యుటినిన్, నిద్రకని ఇచ్చే అమిట్రిప్టిలిన్ అసిటైల్‌కోలిన్‌కి అడ్డుపడతాయి. కొందరిలో అవి ఆపించడమే ఏ మూలికకన్నా ఎక్కువ తేడా చూపిస్తుంది, కానీ సొంతంగా మాత్రం మానేయకండి.