డార్సీ గారు పెళ్ళిచూపులకొచ్చిన వేళ

లిబ్రివాక్స్ అని ఒకటుంది. 2005లో మాంట్రియల్‌లో హ్యూ మెగ్వైర్ అనే ఆయన మొదలుపెట్టాడు. కాపీరైట్ తీరిపోయిన పుస్తకాల్ని ఎవరికి ఓపికుంటే వాళ్ళు ఇంట్లో కూర్చుని చదివి రికార్డు చేసి పెడతారు. చదివేవాళ్ళకి జీతం లేదు, వినేవాళ్ళకి ఖర్చు లేదు. చేతులకి పిండి అంటుకుని చెవులు మాత్రం ఖాళీగా ఉండే నాలాంటి వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? 1813లో అచ్చయిన జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' పట్టుకున్నాను. 61 అధ్యాయాలు.

నేను డౌన్‌లోడ్ చేసుకున్న దాంట్లో అధ్యాయానికో గొంతు. అయిదుగురు ఆడపిల్లల తల్లి మిసెస్ బెన్నెట్ ఇవాళ సన్నటి గొంతుతో "అయ్యో నా నరాలు" అని గునిస్తే, రేపు అవే నరాలు ఖంగుమనే మగగొంతులో. ప్రతి అధ్యాయానికీ ముందు 'ఇది లిబ్రివాక్స్ రికార్డింగ్, ఇవన్నీ పబ్లిక్ డొమైన్‌లో ఉన్నాయి' అంటూ సంకల్పం చెప్పాల్సిందే. మా మేనకోడలికి అది కంఠతా వచ్చేసింది. పద్యాలు మాత్రం రావు.

నేను 34వ అధ్యాయంలో ఉండగా మా చెల్లెలికి పెళ్ళిచూపులు వచ్చిపడ్డాయి. హాల్లో మగపెళ్ళివారు, వంటింట్లో నేనూ అరటికాయ బజ్జీలూ, చెవిలో కథానాయకుడు డార్సీ. సరిగ్గా అతగాడు మిసెస్ బెన్నెట్ కూతురు ఎలిజబెత్ ఉన్న గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. అదే సమయానికి మా తమ్ముడు, సన్నాయి పెడితే శుభంగా ఉంటుందని హాల్లో బ్లూటూత్ స్పీకర్ ఆన్ చేశాడు. ఆ స్పీకర్‌కి మా ఇంట్లో నా ఫోనంటేనే అభిమానం. నా చెవిలో నిశ్శబ్దం. హాల్లో ఎవరో ఆడమనిషి, చక్కటి ఇంగ్లీషులో, నిన్ను గాఢంగా ప్రేమిస్తున్నానని చెబుతోంది.

పెళ్ళికొడుకు మేనమామ రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు. అక్కడే వచ్చింది తంటా. "ఎవరండీ ఆవిడ? ఏమంటోంది?" అని పెళ్ళికొడుకు తల్లి అడగడం, ఆయన తలాడిస్తూ అనువాదం మొదలెట్టడం. "పిల్ల నచ్చిందిట... కానీ కుటుంబం తగినది కాదుట... వీళ్ళతో వియ్యమంటే తలవంపులుట."

మా నాన్న చేతిలో కాఫీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. "మేమేం అనలేదండీ!" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి కంగారుగా. తమ్ముడు ఆపబోయి నొక్కిన బటన్ వాల్యూమ్ పెంచేది. వీధి గుమ్మం దాకా వినపడేలా మన తక్కువతనం ఇంకోసారి తేటతెల్లమయ్యాక, వాడు స్పీకర్ని సోఫా దిండు కింద పెట్టి మీద కూర్చున్నాడు.

నేను బజ్జీల పళ్ళెంతో వెళ్ళేసరికి అందరూ నేల చూపులు. అమ్మ మాత్రం, "కథండీ వదినగారూ, మా పెద్దది వింటూ ఉంటుంది" అని నానా తంటాలు పడుతోంది.

వదినగారికి కథ పట్టుకుంది. "అది సరే, అన్ని మాటలన్నాక ఆ పిల్ల ఏమందిట?"

అప్పటిదాకా తల ఎత్తని మా చెల్లెలు ఎత్తింది. "ప్రపంచంలో మగాడంటూ నువ్వొక్కడివే మిగిలినా నిన్ను చేసుకోను పొమ్మందండీ."

పెళ్ళికొడుక్కి పొలమారింది. తల్లి వాడి వీపు మీద చరుస్తూనే నా వైపు తిరిగింది. "అయితే సంబంధం తప్పిపోయినట్టేనా?"

"ఇంకా 27 అధ్యాయాలున్నాయండీ, బజ్జీ తీసుకోండి" అన్నాను.