సైమన్ గారూ, మా పిల్లల్ని కాస్త మాట్లాడనిస్తారా?

మహారాజశ్రీ సైమన్ గారికి,

గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు బడి నుంచి రెండో తరగతి ఇంగ్లిష్ టీచర్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, డిసెంబరు వచ్చిందంటే మీకు ఊపిరాడనంత గిరాకీ. "సైమన్ సేస్" ఆట మీ పేరు మీదే కదా నడుస్తుంది: ముందు "సైమన్ సేస్" అని చెప్పిన ఆజ్ఞనే పిల్లలు చేయాలి, ఆ మాట లేకుండా చెప్పింది చేసినా, చెప్పింది తప్పు చేసినా ఔట్. ఇదే ఆటలో ఫ్రాన్సులో మిమ్మల్ని జాక్ అంటారని, నార్వేలో అయితే ఏకంగా రాజుగారి హోదా ఇచ్చారని తెలిసింది. మా దగ్గర మీరు ఉత్త సైమనే అయినా మర్యాదకి లోటు చేయలేదనుకుంటా.

నిజానికి మిమ్మల్ని చూసినవాళ్లు లేరు. ఏం చదివారో, టెట్ పాసయ్యారో లేదో ఎవరూ అడగలేదు. మాలాంటివాళ్లకి డెమో క్లాసు చెప్పందే ఉద్యోగం ఇవ్వరు. ఇచ్చాక ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మీరు మాత్రం కాగితం ముక్క చూపించకుండా వచ్చి "సైమన్ సేస్, స్టాండప్" అంటారు, తరగతంతా లేచి నిలబడుతుంది. కుళ్లు అనుకుంటే అనుకోండి.

క్రిస్మస్ సెలవులకు ముందురోజు మా బడిలో పార్టీ. రెడ్ డ్రెస్ కంపల్సరీ అని డైరీలో రాసి పంపుతాం. లేనివాళ్లు ఆ సాయంత్రమే బజారుకి పరిగెడతారు. పీఈటీ సారు శాంటా. గడ్డానికి పత్తి కావాలంటే మా జిల్లాలో కరువా, కావాల్సినంత దొరుకుతుంది. కాకపోతే మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో చెమటకి గమ్ ఊడి, ఆ గడ్డం ఒక చెవికే వేలాడుతుంది. పిల్లల కళ్లకు గంతలు కట్టి స్నోమ్యాన్‌కి క్యారెట్ ముక్కు పెట్టిస్తాం. వీళ్లలో చాలామంది మంచు చూసింది ఫ్రిజ్‌లోనే. ఆ తర్వాత బింగో. నెట్‌లోంచి దించిన షీటులో మిజిల్‌టో, స్లే, చిమ్నీ. "మిస్, మా ఇంట్లో చిమ్నీ స్టవ్ మీద ఉంది. ఫ్యాన్ తిరుగుతుంటే శాంటా తాత ఎట్లా వస్తాడు?" అని ఒక పిల్ల అడిగింది. పాపం దానికి నిజంగానే కంగారుగా ఉంది. బింగోలో ప్రశ్నలకు గడి లేదు కాబట్టి మేం తర్వాతి మాటకి వెళ్లిపోయాం.

ఇవన్నీ చిల్లర వేషాలు. అసలు నాటకం మీదే.

"సైమన్ సేస్, టచ్ యువర్ నోస్." ముందు బెంచీలో అక్షయ అని ఒక పాప ఉంది (ఇది అసలు పేరు కాదు). వాళ్ల అమ్మానాన్నా ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇంట్లో ఇంగ్లిష్ నడుస్తుంది. చటుక్కున ముక్కు పట్టుకుంటుంది. ఆ పాపని చూసి రెండో బెంచీ, దాన్ని చూసి మూడో బెంచీ. ఆఖరి బెంచీకి కబురు చేరేసరికి మీరు మోకాళ్ల దాకా వచ్చేసి ఉంటారు. మొన్న మధ్యలో దోమ కుట్టి అక్షయ చెవి గోక్కుంది. వరసగా తరగతి తరగతంతా చెవి గోక్కుంది. మీరు ఆ మాటే అనలేదు. అయినా వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. గుమ్మంలో నిలబడి తీసిన ప్రిన్సిపల్ మేడం దాన్ని పేరెంట్స్ గ్రూపులో "లర్నింగ్ ఇంగ్లిష్ త్రూ ఫన్" అని పెట్టారు. ఇక బొటనవేళ్ల వర్షం.

మీ చట్టంలో నాకు అర్థం కానిది ఔట్ సెక్షను. మాట అర్థం కాని పిల్ల మొదటే ఔటవుతుంది, వెళ్లి గోడవారన కూర్చుంటుంది. అన్నీ తెలిసిన అక్షయ చివరిదాకా ఉండి ఇంకా నాలుగు మాటలు నేర్చుకుంటుంది. మీ దోస్తు మ్యూజికల్ చైర్స్ గారిదీ ఇదే వరస. ఎవరికి చదువు ఎక్కువ కావాలో వాళ్లనే ముందు బయటికి పంపే బడి పెట్టాలంటే చాలా తెలివి ఉండాలి, మీకు ఉంది.

గోడవార సంగతి మీకు తెలియదు, మీరు అటు చూడరు కాబట్టి. అక్కడ గొప్ప సభ జరుగుతుంది. "నువ్వు ముందే కూర్చున్నావ్", "సైమన్ అన్లేదురా, ఉత్తినే సిడ్డౌన్ అన్నారు", "నేను విన్నాలే, నీ చెవులకి చెప్పు". సాక్ష్యాలు, వాదనలు, అప్పీళ్లు, అన్నీ తెలుగులో. ఆట ఆడుతున్నవాళ్లు మూగగా గంతులేస్తుంటే ఓడినవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఫీజు రసీదులో మాత్రం ఈ పీరియడ్‌కి "స్పోకెన్ ఇంగ్లిష్ యాక్టివిటీ" అని విడిగా ఒక లైనే ఉంది.

ఆ గోడవారనే ఒక బాబు నా చున్నీ పట్టుకు లాగాడు. వాళ్ల నాన్న పాస్టరు. "మిస్, మా ఇంటి మీద స్టార్ కట్టాం. రాత్రి కేరల్స్‌కి పోయాం. కుక్క తరుముకుంది. మా అన్న డప్పు పారేసి ఉరికాడు." ఆ రోజు మా గదిలో క్రిస్మస్ గురించి నిజంగా ఏదైనా తెలిసినవాడు వాడొక్కడే. స్టార్, డాగ్, రన్, నైట్, బ్రదర్: చెప్పడానికి కావలసిన మాటల్లో సగం వాడికి వచ్చు కూడా. ఇంతలో గుమ్మంలోంచి "స్పీక్ ఇన్ ఇంగ్లిష్!" అని వినబడింది. వాడు నోరు మూసుకున్నాడు. మీరు ముక్కు, చెవులు, మోకాళ్లతో కొనసాగారు.

మీకు చదువుకున్న చుట్టాలు కూడా ఉన్నారని విన్నాను. 1960ల్లో అమెరికాలో, శాన్ హోసే స్టేట్‌లో జేమ్స్ ఆషర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ఒళ్లు కదిలిస్తూ భాష నేర్పే పద్ధతి ఒకటి తయారుచేశారు. టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అని దాని పేరు. చంటిపిల్ల ముందు వింటుంది, రమ్మంటే వస్తుంది, ఇమ్మంటే ఇస్తుంది, మాట తర్వాత వస్తుంది, కొత్త భాషకైనా అదే దారి అని ఆయన వాదం. అందులో నాకు పేచీ లేదు. మాట్లాడమని మెడ మీద కూర్చుంటే ఏ పిల్లా మాట్లాడదు. కానీ ఆ పద్ధతిలో కొన్నాళ్లు విన్నాక పాత్రలు మారతాయి. పిల్లలు చెప్తారు, టీచర్ చేస్తుంది. ఆ రెండో సగం ఎక్కడ దాచారు? నర్సరీలో మీరే చెప్పారు, రెండో తరగతిలోనూ మీరే చెప్తున్నారు. మా అమ్మమ్మగారి ఊళ్లో వీరీ వీరీ గుమ్మడిపండు ఆడేటప్పుడు కళ్లు మూయించుకున్న పిల్ల కూడా నోరు తెరిచి ఎవరో ఒకరి పేరు చెప్పాల్సిందే. దానికి యాక్టివిటీ ఫీజు కూడా లేదు.

ఆటలతో నేర్పమని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెప్పింది, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి. మా మేనేజ్‌మెంటు ఆ వాక్యాన్ని అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద వేయించింది. ఇంటి భాషలో బోధించమని అందులోనే ఉన్న మాటకి ఫ్లెక్సీలో చోటు చాలలేదు.

మీకో సంగతి చెప్పాలి, కోపగించుకోకండి. ఆ రోజు ప్రిన్సిపల్ మేడం మూడో తరగతి వీడియో తీయడానికి వెళ్లగానే మీ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చాను. ఆఖరి బెంచీలో ఎప్పుడూ మొదటే ఔటయ్యేవాణ్ణి పిలిచి నా కుర్చీ ఎక్కించాను. కాసేపు బిత్తరపోయి నిలబడ్డాడు. తర్వాత, "సైమన్ సేస్... టీచర్ డాన్స్!" పైకప్పు ఎగిరిపోయింది. చేశాను, ఏం చేస్తాం, సైమన్ చెప్పాడు. వాడికి ధైర్యం వచ్చింది. "సైమన్ సేస్, ప్రిన్సిపల్ మేడం కమ్!" అని, వెంటనే గుమ్మం వైపు చూసి భయపడి, "నో నో, డోంట్ కమ్, డోంట్ కమ్!" అన్నాడు.

వర్క్‌బుక్కులో డోంట్ పాఠానికి పేజీలు పేజీలున్నాయి. వాడు ఒక్క ఖాళీ కూడా సరిగా నింపలేదు.

తర్వాత అందరికీ మీ ఉద్యోగమే కావాల్సి వచ్చింది. "సైమన్ సేస్ నో హోంవర్క్", "సైమన్ సేస్ గివ్ కేక్ టు మై తమ్ముడు". పాస్టరు గారబ్బాయి ఎక్కి "సైమన్ సేస్ డాగ్ కమింగ్, రన్!" అంటే తరగతంతా బెంచీల కిందికి దూరింది. వ్యాకరణం అడగకండి. ఆయమ్మ తలుపు తోసుకొచ్చి ఏమైందని అడిగేదాకా సాగింది.

కాబట్టి అయ్యా, మిమ్మల్ని మానేయమనడం లేదు. వారానికి ఒకసారి సెలవు పెట్టండి. ఔటైనవాళ్లని గోడవారకి కాకుండా కుర్చీ మీదికి పంపండి, తర్వాతి ఆజ్ఞ వాళ్లదే. ఈ ఒక్క సవరణకి మీరు ఒప్పుకుంటే మేనేజ్‌మెంటుని నేను చూసుకుంటాను, ఇంక్రిమెంటు ఎలాగూ ఇవ్వడం లేదు కాబట్టి భయమూ లేదు.

ఇట్లు,
భవదీయురాలు,
రెండో తరగతి ఇంగ్లిష్ టీచర్

తా.క.: సంక్రాంతి సెలబ్రేషన్స్‌కి కూడా మిమ్మల్నే పిలవాలని స్టాఫ్ మీటింగులో తీర్మానమైంది. "సైమన్ సేస్, ఫ్లై ద కైట్" అట. ఎత్నిక్ వేర్ కంపల్సరీ. పంచె మీరే తెచ్చుకోవాలి.